జల్లెడలో ఊగిన కెమెరా

వచ్చావా షాహందా? చెప్పులు అక్కడ వదిలి, ఆ తలుపు దగ్గరికి వేసి, ఇలా వచ్చి కూర్చో. ఏమన్నాడు ఆ బాగుచేసే అబ్బాయి? మళ్ళీ గురువారం రమ్మన్నాడా? కిందటి గురువారం కూడా ఇదే మాట అన్నాడు కదే! మెట్లమీంచి జారిన కెమెరాకి ఇన్ని గురువారాలేమిటో... సరే, సరే, మొహం అలా పెట్టకు. అంత ఖరీదైన వస్తువు చేతిలోంచి జారితే ఎలా ఉంటుందో ఈ నానమ్మకి తెలియదనుకున్నావా? ఈ ఇంట్లో కెమెరా చావడం కొత్తేమీ కాదు. మొదటిదాన్ని మా నబవియ్య పిన్ని చంపింది. అవును, మా అమ్మ చెల్లెలు. నువ్వు చూడలేదు, నువ్వు పుట్టేనాటికే పోయింది. నీ గడ్డం ఆవిడదే, ఆ మొండితనమూ ఆవిడదే. ఆ టీ ఇలా జరుపు. చక్కెర వేశావా? వెయ్యవు, డాక్టరు నీకు చుట్టం మరి. సరేలే, అలాగే తాగుతా.

నబవియ్య పిన్ని మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చిన మనిషి. ఎవరైనా "పాపం, వదిలేశాడట" అన్నారో, అయిపోయారే. "నేనే వదిలేశాను. కాగితంలో వాడి పేరు ముందు రాశారు, అంతే" అనేది. మన్సూరాలో మా వీధిలో ఏ బిడ్డ పుట్టినా ఏడోరోజు వేడుక ఆవిడ చేతిమీదుగానే. బిడ్డని జల్లెడలో పడుకోబెట్టి ఊపడం, చెవిదగ్గర ఇత్తడి రోలు మోగించడం, దిష్టి తగలకుండా ఇల్లంతా ఉప్పూ గింజలూ చల్లడం, అన్నీ ఆవిడే. చివర్న నాలుక ఆడిస్తూ ఆ శుభకేక, జగ్రూత, అందుకునేది చూడూ, నైలు అవతల తల్ఖాలో వాళ్ళు కూడా "మన్సూరాలో ఎవరికో బిడ్డ పుట్టింది" అనుకునేవాళ్ళు. ఇప్పటివాళ్ళకి ఎక్కడొస్తుందే? ఫోన్లో పెట్టి మోగిస్తున్నారు. మొన్న ఎదురింటివాళ్ళ పెళ్ళిలో ఫోను ఛార్జింగ్ అయిపోయి జగ్రూత మధ్యలో ఆగిపోయింది. పెళ్ళికూతురు అలా నోరు తెరుచుకుని ఉండిపోయింది. నవ్వు, నవ్వు.

ఎక్కడున్నాం? ఆఁ, లమ్లూమ్ ఎఫెందీ. చదువుకున్నవాడు కదా, గౌరవంగా ఎఫెందీ అనేవాళ్ళం. మా వీధి మలుపులో ఫొటోల కొట్టు ఆయనది. పొడుగ్గా ఉండేవాడు, ఒంటెలాగా మెడ ముందుకి సాచి నడిచేవాడు, ఈగని కూడా "అవతలికి వెళ్ళండి" అనేంత మర్యాదస్థుడు. మా అమ్మ చేత పిన్నిని అడిగించాడు, తనని చేసుకుంటుందా అని. పిన్ని ఏమందో తెలుసా? "ఆయన ఎవర్ని చూసినా 'కదలకండి' అంటాడక్కా. నేను కదలకుండా ఉండే మనిషినా? మొదటివాడూ ఇదే అన్నాడు, కాకపోతే 'అండి' లేకుండా అన్నాడు." అయిపోయింది. ఆయన మళ్ళీ అడిగించలేదు, అలాగని ఇంకో సంబంధమూ చూసుకోలేదు. చెక్కపెట్టె కెమెరాతో గుర్తింపుకార్డుల మొహాలు తీసుకుంటూ, మా మేడ కిందనుంచి వెళ్ళినప్పుడల్లా ఓసారి పైకి చూసుకుంటూ, కాలక్షేపం చేసేవాడు.

అలాంటి మనిషి ఉన్నదంతా ఊడ్చి జర్మనీ కెమెరా తెప్పించుకున్నాడు. అరచేతిలో పట్టేంత. పట్టుగుడ్డలో చుట్టి తిప్పేవాడు, "ఇది నా బిడ్డ" అని అందరికీ చూపించేవాడు. సరిగ్గా అప్పుడే మీ నాన్న పుట్టాడు. నా తొలి కాన్పు కదా, ఏడోరోజు వేడుకకి ఫొటో తియ్యమని నేనే కబురంపాను. వచ్చాడు, ఓ మూల కూర్చుని ఫిల్ము ఎక్కించడానికి కెమెరా వెనక తలుపు తెరిచాడు. పిన్ని జల్లెడ పట్టుకుని నిలబడి, "లమ్లూమ్ ఎఫెందీ, ఈ బిడ్డగారు మీ ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?" అంది. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇవాళ్టికి ఏడోరోజండీ" అన్నాడు. అనకూడదు కదా! ఆడవాళ్ళంతా ఒక్కసారి అందుకున్నారు. ఏడోరోజు, అంత అందమైన బిడ్డ, వీధిలో ప్రతివాళ్ళూ చూసి "అబ్బ" అన్న బిడ్డ, దానికి ఉప్పు చల్లలేదా? ఇంకేముంది, దిష్టి తగలదూ? పిన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, మీ నాన్న పక్కన జల్లెడలో పెట్టేసింది. ఆయన వద్దనొచ్చు కదా అంటావు. ఏడోరోజు వేడుక వద్దనే తండ్రి ఎక్కడైనా ఉంటాడటే? పైగా అడిగింది ఎవరు? చేతులు కట్టుకుని, ఒళ్ళంతా నవ్వుతో నిలబడ్డాడు.

ఊపింది చూడు జల్లెడ! మీ నాన్న చెవిలో రోలు మోగిస్తూ, "అమ్మ మాట విను, నాన్న మాట వినకు" అంది, ఎప్పుడూ అనేదే. తర్వాత కెమెరా దగ్గర మోగిస్తూ, "నన్ను సన్నగా చూపించు, మా అక్కని ఉన్నదున్నట్టు చూపించు" అంది. ఇల్లంతా నవ్వులు. ఆ నవ్వుల్లో గుప్పెడు ఉప్పు, గుప్పెడు గింజలు, పిల్లాడి మీదా కెమెరా మీదా, చల్లింది చల్లినట్టే. కెమెరా పొట్ట ఇంకా తెరిచే ఉంది. ఎవరం చూశాం! తీరా ఫొటో తీద్దామని ఆయన తలుపు మూసి మీట నొక్కితే, కర్... కర్... అంది, అంతే. మళ్ళీ నొక్కాడు. ఆ మాత్రం కూడా లేదు. మీ నాన్న మొహంలాగే ఆయన మొహం ముడుచుకుపోయింది.

పిన్ని మాత్రం ఏడవలేదు. ఏడవడం ఆవిడకి చేతకాదు. రోలు నేలమీద పెట్టి, "అందరూ వినండి. ఈ కెమెరా కన్ను తెరిచేదాకా నా నోట జగ్రూత రాదు. బిడ్డ పుట్టినా, పెళ్ళయినా, సాక్షాత్తూ నాకే కొడుకు పుట్టినా" అని మొక్కేసుకుంది. ఇక చూసుకో వీధి అవస్థ. ఆ నెలలో ఎన్ని కాన్పులు, ఎన్ని నిశ్చితార్థాలు! ఆడవాళ్ళంతా తలోరకంగా అరిచేవాళ్ళు, పిల్లి తోక తొక్కినట్టుండేది. పెళ్ళికూతుళ్ళ తల్లులు మా ఇంటికి రావడం మానేసి తిన్నగా లమ్లూమ్ కొట్టుకే వెళ్ళేవాళ్ళు: "నాయనా, నీ బిడ్డకి ఎలా ఉంది? మా అమ్మాయి పెళ్ళిలోపల లేస్తుందా?"

అలెగ్జాండ్రియాలో స్తావ్రో అని ఓ గ్రీకు ముసలాయన ఉండేవాడు, కెమెరాలు విప్పేవాడు. అక్కడికి తీసుకెళ్ళాలన్నారు. "పాడుచేసింది నేను, నేనూ వస్తా" అంది పిన్ని. మా నాన్న ససేమిరా అన్నాడు: "మొగుడు లేని ఆడది పరాయివాడితో రైల్లోనా?" పిన్ని ఆయన్ని నిలదీసింది: "బావా, మొగుడుంటే వాడితో ఎక్కడికైనా వెళ్ళొచ్చు, వాడు కొట్టినా సరే. చెట్టంత మర్యాద ఉన్నవాడితో ఓ రైలు ఎక్కకూడదా? నీ భయం రైలు గురించా, నా గురించా?" మా నాన్న పత్రిక అడ్డం పెట్టుకున్నాడు. చివరికి నన్ను తోడు పంపారు, చంకలో మీ నాన్న. ఒకే జల్లెడలో ఊగారు కదా, అన్న కోసం తమ్ముడు వెళ్తున్నాడని వీధంతా వేళాకోళం.

ప్రతి గురువారం అదే పని. టాంటాలో రైలు మారడం, ఉడికించిన గుడ్లు, వెన్న పూసిన ఫతీర్ రొట్టె. స్తావ్రో విప్పిన మొదటిరోజు ఉప్పుతో పాటు ఓ పెసర, ఓ మెంతిగింజ బయటికి తీసి, "ఇది కెమెరానా, కిరాణా కొట్టా?" అన్నాడట. అన్నాడట అంటే, మమ్మల్ని లోపలికి రానివ్వలేదులే. "ఆయనకి జనం గిట్టదు" అని లమ్లూమ్ ఒక్కడే వెళ్ళేవాడు, మేం సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్ళం. కాసేపటికి మెడలో కెమెరాతో తిరిగొచ్చి, "ఇంకా కాలేదు. మళ్ళీ గురువారం రమ్మన్నాడు" అనేవాడు. "మరి అక్కడే ఉంచుకోడేం?" అంటే, "సముద్రపు గాలి దానికి పడదట, మధ్యలో మన్సూరా గాలి తగలాలట" అనేవాడు. మేం నమ్మామే! కెమెరా అంటే ఏమిటో మాకేం తెలుసు, పిల్లాడిలాంటిదే అనుకున్నాం.

ఓ గురువారం తిరుగు రైల్లో మీ నాన్న ఆయన ఒళ్ళో ఉన్నాడు. పిన్ని ఎదురుగా కూర్చుని, గుడ్డు ఒలుస్తూ, టికెట్ల ఇన్‌స్పెక్టరుతో కిటికీ గురించి పోట్లాడుతోంది. మీ నాన్న ఆయన మెడలోని కెమెరా మీట నొక్కేశాడు. టిక్! శుభ్రంగా, మంచు ముక్క విరిగినట్టు. పిన్ని పోట్లాట ఆపింది. "బాగైందా?" అంది. "అబ్బే, ఊరికే, స్ప్రింగు ఒక్కోసారి అలా..." అన్నాడు లమ్లూమ్. "అలాగా. అయితే ఆ వెనక తలుపు తెరవండి, చూద్దాం." "అయ్యో, తెరవకూడదండీ! ఫిల్ము పాడైపోతుంది!" అనేశాడు. అని, నాలుక కరుచుకున్నాడు. పిన్ని గుడ్డు పక్కన పెట్టింది. "చచ్చిన కెమెరాలో ఫిల్ము ఎందుకు వేశారు ఎఫెందీ?" ఆయన మీ నాన్న చొక్కా సర్దాడు. "ఎప్పుడు బాగైంది?" ఆయన బూట్లకేసి చూసుకుంటూ, "ఖర్జూరాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు" అన్నాడు. అప్పటికి పండి, కోసి, తినేశాం కూడా! "మరి ఎందుకు చెప్పలేదు?" "చెబితే గురువారం రారు కదండీ."

నాకు భయమేసింది, ఆయన్ని కిటికీలోంచి తోసేస్తుందేమో అని. పిన్ని ఆయనకేసి చూసింది, చూసింది... ఆ తర్వాత తల వెనక్కి వేసి జగ్రూత అందుకుంది. ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా ఒక్కసారి! మీ నాన్న ఏడుపు, పక్క పెట్టెల్లోంచి జనం పరుగు. ఇన్‌స్పెక్టరు, "ఎవరిది పెళ్ళి? ఎవరిది?" అంటాడు. "కెమెరాకి చూపొచ్చింది నాయనా" అంది పిన్ని.

ఇదుగో ఆ ఫొటో. మీ నాన్న తీసిందే. చెయ్యెత్తి, నోరు తెరిచి, గుడ్డు పట్టుకుని, అంతా అలుక్కుపోయి ఉంది చూడు, కదిలింది కదా. ఆ తెల్ల చుక్కలా? లోపల వెలుతురు ఆపే నల్లగుడ్డకి ఉప్పు చిల్లులు పొడిచింది. కొత్తది జర్మనీ నుంచి రావాలట. లమ్లూమ్ కడిగి తెచ్చి భయపడుతూ ఇచ్చాడు. పిన్ని వెలుతుర్లో పెట్టి చూసి, "చుక్కలున్నాయే! రిపేరు పూర్తికాలేదన్నమాట. గురువారం వెళ్దాం" అంది. వెళ్ళారు. నేనూ వెళ్ళాను. టాంటాలో రైలు మారే మధ్యలో పెళ్ళి చేసుకున్నారు. నిజమే! సాక్షులు ఆ ఇన్‌స్పెక్టరూ, వేయించిన సెనగలు అమ్మేవాడూ. తన పెళ్ళికి తను వేసుకోకూడదు కదా, జగ్రూత నేను వేశాను, కోడి పీక పట్టుకున్నట్టు వచ్చింది. ఆ నల్లగుడ్డ జర్మనీ నుంచి వచ్చింది, డబ్బాలోనే ఉండిపోయింది. మా వీధివాళ్ళు మార్చనివ్వలేదు: "ఉప్పు చుక్కలు లేని ఫొటో మాకొద్దు, దిష్టి తగులుతుంది." వీళ్ళిద్దరూ మాత్రం రిపేరని ముసలాళ్ళయ్యేదాకా గురువారం రైలెక్కుతూనే ఉన్నారు. స్తావ్రో పోయాక కూడా.

పిన్ని కన్నుమూసిన వారం కూడా, గురువారం నాడు ఆయన కెమెరా మెడలో వేసుకుని స్టేషనుకి వెళ్ళాడు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "ఇంకా బాగు కాలేదమ్మా" అన్నాడు...

ఊఁ. చల్లారిపోయింది టీ.

ఇంతకీ ఆ బాగుచేసే అబ్బాయి పేరేమిటన్నావ్? చెప్పలేదా? గురువారమే ఎందుకు రమ్మంటున్నాడు? ఆ సంచీ ఇలా ఇయ్యి. కెమెరా నీకే ఇచ్చి పంపుతున్నాడు కదా, మన్సూరా గాలి తగలాలనా? ఇయ్యవే. అందులో ఆ కార్డు, అదే మీ కాలపు ఫిల్ము, వేసి ఉందా? అడిగినదానికి చెప్పు, అంత ఎర్రబడతావేం?