మైకు మావైపు తిప్పేశాడు

నిన్నటి రాక్ షోకి వెళ్లొచ్చిన బావ గొంతు బొంగురుపోయింది. సైకిల్ షాపు షట్టరు ఎత్తుతూ బావమరిది అడిగాడు.

“ఎలా ఉంది బావా?”

“ఏడ్చినట్టుంది. నలుగురు ముసలాళ్లూ కుర్చీలేసుకుని కూర్చుని వాయించారు.”

“కొత్త ఆల్బమ్ పాటలు పాడారా?”

“చివరి మూడు ఆల్బమ్‌లూ ఒకటే సోది. అవి మొదలెట్టగానే జనం టీకి లేచెళ్లారు.”

“మరి మన పాత పాట?”

“హైపిచ్ దగ్గరికి రాగానే ఆ పాడేవాడు మైకు మావైపు తిప్పేశాడు. టికెట్ కొన్నదీ మేమే, పాడాల్సిందీ మేమే. సిగ్గుండాలి.”

“అందుకా గొంతు పోయింది?”

“ఊఁ.”

“ఇంతకీ ఆ పిచ్ నీకు అందిందా?”

బావ పంక్చరైన ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడొస్తాయోనని చూస్తూ అన్నాడు.

“కాలేజీలో ఉండగా అందేది.”