కంప్యూటర్ లేతుకొచ్చిన పూనకం

ఏమప్పా పాల్‌రాజ్, టీ చల్లారిపోతా ఉంది, తాగు. మన కంపెనీలో ఇనుము చెక్కే కొత్త లేతు మిషను కదలకుండా నిలిచిపోయింది, తప్పు నీదేనని మేనేజరు నిన్ను దాని మీదనుంచి తీసేస్తానన్నాడు, అంతేగదా? ఏడుకొండలవాడు ఉండాడు, ఈ కోదండరామూ ఉండాడు. విను.

ఆ కంప్యూటర్ లేతును దించిన దినమే మేనేజరు నా చెయ్యి పట్టుకోని, "మూణ్ణెల్లు దీని పని చూస్తాం. బాగుంటే ఇంకో నాలుగు కొని, పాతవి తూకానికి వేస్తాం. నువ్వొక కన్నేసి పెట్టు" అన్నాడు. కన్నెందుకు సార్, చెవి చాలంటిని. చప్పుడు విని, లోపల కోసే టూలు అరిగిందని చెప్తి. తీసి చూస్తే అరిగే ఉంది!

"అది చెప్పింది నేను గదన్నా!" అన్నాడు పాల్‌రాజ్, తల పట్టుకోని.

నువ్వు నోటితో చెప్పినావు, నేను మనసులో ముందే చెప్పుకొంటిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరికి ఆ కొస అంబత్తూరులో ఏ కంపెనీలో ఏ కొత్త మిషను తిరగతా ఉందో, ఈ కొస మనలిలో ఈ బెంచీమీద కూచోనే వినేస్తా. హార్బరులోకి ఓడ రాకముందే దాని కడుపులో ఉండే జపాను మిషను రకం చెప్పేస్తి! కంపెనీ ఓనరు ముదలాళి ఏది కొనాలన్నా ముందు నాకే ఫోను.

"నీకు ఫోను యాడిదయ్యా?" టీకొట్టు మునెమ్మక్క గ్లాసులు కడగతా విసుక్కుంది.

భక్తుడికి తీగెందుకక్కా? అసలు సంగతి విను. ఆయుధపూజకు అన్ని మిషన్లకూ బొట్టు పెట్టి, ఈ కొత్తదాన్ని ముట్టుకోవద్దన్నాడు మేనేజరు. మనింటికొచ్చిన బిడ్డ బోడి నుదురుతో ఉండాల్నా? ఎవరూ లేనప్పుడు మిషను తలుపు తీస్తి. లోపల చిన్న గాజుకన్ను మినుకుమంటా ఉంది. నుదురు యాడుందో తెలీక ఆ కంటికే గంధం మెత్తి, కుంకం అద్దితి. అంతే! మర్నాడు మిషను ఊగిపోయింది, పైకప్పు రేకులు లేచి పక్కూరు ఎన్నూరులో పడినాయి, పూనకమప్పా! తెరమీద ఎర్రక్షరాలు. ఊరికే చదివితే అది 'స్టాప్'. భక్తితో చదివితే 'స్వామీ'! ఆనాటినుంచీ సమాధిలోనే ఉంది.

పాల్‌రాజ్ గ్లాసు కింద పెట్టేసినాడు.

"అన్నా, తలుపు మూసినారో లేదో మిషను చూసుకునే కన్ను అది! దానికి గంధం పూస్తే తలుపు తెరిచే ఉందనుకుంటుంది, ఇంకెట్లా కదులుతుంది? నాలుగు దినాలుగా నేను తిట్లు తింటా ఉండా! రా, ఈ మాటే మేనేజరు ముందర చెప్పు." మణికట్టు పట్టేసుకున్నాడు.

అదంతా కోతలప్పా! సరదాకి అంటిని!

మునెమ్మక్క చెయ్యి తుడుచుకోని నా రెండో రెక్క పట్టుకుంది.

"ఇన్నేండ్లకు మొదటిసారి నిన్ను నమ్మినామయ్యా. లెయ్."