మునెప్ప స్ప్రింగు కత్తి

"తాతా, స్ప్రింగు కత్తి జోబులో పెట్టుకొంటే మీ కాలంలో కూడా పోలీసోళ్లు పట్టుకొంటా ఉండిరా?"

ఎందుకు పట్టుకోరమ్మా? ఆయుధాల చట్టం అప్పుడే కొత్తగా వచ్చిండె. కత్తి తొమ్మిది అంగుళాలు మించితే లైసెన్సు కావల్ల, సేద్యం పనిముట్లకు అక్కర్లేదు. బళ్లో అయివారిని గదా, ఇట్లాంటివి పేపర్లో చదివి ఊరికి చెప్పేది నా పనే.

జవళగిరి మునెప్ప అని గొర్రెలు మేపేవాడు. మీ అవ్వకు చిన్నాయన కొడుకు... కాదు కాదు, మీ అవ్వ వాళ్ల వదినె తమ్ముడు. ఎలుగ్గొడ్డు కొరికి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. మడత కత్తి ఒంటిచేత్తో ఎట్ల తెరుస్తాడు? బెంగుళూరులో రెండున్నర రూపాయిచ్చి స్ప్రింగుది తెచ్చుకొన్నాడు. రెండున్నరంటే ఆ దినాల్లో తక్కువనుకొన్నావా! బొత్తాం నొక్కితే టక్కని లేస్తుంది.

ఒక సంత దినం కెలమంగలం బస్సులు నిలిచే తావున గొర్రె మెడకు తాడు బిగుసుకొని కండ్లు తేలేసింది. మునెప్ప కత్తి తీసి పటుక్కున తాడు కోసినాడు. గొర్రె బతికింది, మునెప్ప దొరికినాడు. తమిళం కానిస్టేబులు కత్తి లాక్కొన్నాడు.

"ఇది రౌడీల కత్తిరా. నడువు స్టేషనుకు."

"సామీ, అది లేకుంటే నాకు పని జరగదు. కొమ్మలు కొట్టే మూరెడు మచ్చుకత్తి నడుముకు చెక్కుకొన్నోల్లని ఇడిసిపెట్టి నన్ను పడ్తారే!"

నేనూ ఆ సంతకు వచ్చింటిని; పోయి బడి సంచిలోని అడుగుబద్దతో కొలిచి చూపిస్తి. నాలుగంగుళాలు.

"పొడవు కాదు వాత్తియారే. ఎగిరి లేస్తుందే, అదీ తప్పు!" వాత్తియారంటే తమిళంలో అయివారు.

సరే అని పెన్సిళ్లు చెక్కే నా మడత కత్తి ఆయన చేతికిచ్చి, "ఒక చెయ్యి వెనక పెట్టుకోని దీన్ని తెరువప్పా" అంటిని. మనిషి మంచోడే, పెట్టుకొన్నాడు. గోరుతో గీరినాడు, తొడకేసి రుద్దినాడు, కడాకు పండ్లతో పట్టినాడు. పూలమ్మే ఆయమ్మ, "పండ్లు భద్రం సామీ, ఇంకా పెండ్లి కావల్ల!" అనింది. సంతంతా నవ్వు. ఆయనా నవ్వేసి, మునెప్ప కత్తి తిరిగిచ్చేసినాడు.

"నేనైతే ఇడిస్తి. హోసూరులో ఇంకొకరు పట్టుకొంటే?"

అందుకని, ఈ కత్తి గొర్రెల పనికే అని నేనొక చీటీ రాసిస్తిని. దానికి చట్టంలో విలువ లేదని నాకు తెలుసులే. మునెప్ప దాన్ని తలగుడ్డలో దోపుకొన్నాడు. ఆమీట హోసూరు, కృష్ణగిరి, ఎన్ని తావుల ఆపినారో! కత్తి తీసి చూపిస్తాడు. చీటీ తీయల్లంటే ఆ కత్తి కింద పెట్టల్ల గదా, ఉండేది ఒక చెయ్యే. అది చూసినాక చీటీ ఎవురూ చదవలేదంట, అట్లే ఇడిసిపెట్టినారంట.

చల్లగుండు తల్లీ...