చౌడక్క చెరిపేసిన అంచులు

చౌడక్క అని ఒగాయమ్మ ఉండేదంట, ధర్మవరం పోయే దారిలో మగ్గాలోల్ల వీధి ఉంది చూడు, ఆడ. మొగుడు ఓబులేసు మగ్గం నేసేవాడు, మామ కోనప్ప కూర్చోని అంచులు చెప్పేవాడు. అంచులు చెప్పేదేంది అంటారా? చెప్తా ఉండండి. ఆ ముసిలాయప్ప తలకాయలో పాతకాలం చీరంచులన్నీ ఉండేవి. హంసలంచు, చిలకలంచు, గోపురాలంచు, రుద్రాచ్చలంచు, ఇట్లా ఎన్నో అనుకో. వాళ్ళ నాయన కాలంలో అంచుల బొమ్మలు ఎక్కించిన అట్టలన్నీ చెదలు తినిపోయినాయి, ఇంగ ఆ తలకాయే మిగిలింది. ఆయప్ప కండ్లు మూసుకోని, ఈడ రెండు గళ్ళు నల్లవి పెట్టమ్మా, పైన ఒగటి తెల్లది ఇడ్సు, అని చెప్తాంటే కోడలు కంప్యూటర్ ముందర కూర్చోని గడి గడికీ రంగు పెట్టేదంట. ఏండ్లకేండ్లు పెట్టింది. అన్నీ అయిపోయినాక ఏమైందంటే, ఆయప్పకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఇంగ ఆ అంచులు ఆ కంప్యూటర్లో తప్ప భూమ్మీద యాడా లేవు.

ఆయుధపూజ వచ్చింది. మగ్గాలోల్లకి ఆయుధపూజ అంటే తెలుసు కదా, మగ్గం కడుగుతారు, దారాన్ని ఈపక్కకీ ఆపక్కకీ తీసకపోయే నాడె కడుగుతారు, పసుపు కుంకమ పెడతారు, మళ్ళా ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవురూ ముట్టరు. కంప్యూటర్ కూడా పనిముట్టే కదా, దాన్నీ తుడిచింది చౌడక్క. పెట్టె తుడిచింది, అద్దం తుడిచింది, తుడిచి, మరి లోపల ఎవురు తుడుస్తారు అనుకున్నాదంట. ఆన్ చేసి చూస్తే మొగుడు దించుకున్న సినిమాలు, ఎవురివో పెండ్లి ఫొటోలు, కుప్పలు కుప్పలు. అన్నీ పట్టుకోని కంప్యూటర్లోనే ఉండే చెత్తబుట్టలో ఏసింది. ఏసి, బుట్టనిండా చెత్త పెట్టుకోని అమ్మవారికి దీపం పెడతామా అని, ఆ బుట్ట కూడా ఖాళీ చేసేసింది. ఇల్లూడ్చి ఎత్తిపోసినట్లే ఎత్తిపోసింది తల్లి! ఎంత సుబ్బరంగా ఉందో అని మురిసిపోయి, బొట్టు పెట్టేముందర చౌడేశ్వరమ్మకి అంచులు చూపిద్దామని ఎతికితే, యాడుండాయి? సినిమాల పక్కన ఉండే అంచుల ఫోల్డరు కూడా వాటెంబడే పోయింది. పూజకి అందరూ నిలబడుండారు, ఏం చేస్తాది? కంప్యూటర్ ఆపేసి, ఏడ్చుకుంటానే దానికి బొట్టు పెట్టి హారతిచ్చింది. ముసిలాయప్ప మంచంలోనుంచి చూస్తానే ఉన్నాడు. నీ తలకాయలోది తీసి నా చేతిలో పెడితే నేను పారబోసినా మామా అని ఆయప్పకి ఎట్లా చెప్పేది? మొగుని చెవిలో మటుకు చెప్పింది. ఓబులేసు, దానికేముందే, పోయినవి తెచ్చే సాఫ్ట్‌వేర్లు బోలెడుంటాయి, అన్నం తిని దించుతా, అన్నాడంట. ఓబులేసుకి అన్నం తినకుండా ఏ పనీ కాదులే.

చౌడక్క పండగకి చేసిన ఓళిగ కూడా నోట్లో పెట్టలేదు. మగ్గం పక్కన చల్లటి బండల మీద కొంగు పరుచుకోని పండుకుంది. దీపం వాసన, సాంబ్రాణి వాసన, ఎప్పుడు నిద్ర పట్టిందో ఆయమ్మకే తెలీదు. కలొచ్చింది. కలలో ఆ అద్దం లోపలికి పోతా ఉందంట. ఆడ నేల లేదు, తెల్లగా పడుగు పరిచినట్లు దారాలే దారాలు, వాటి మీద నడుస్తా ఉంటే కాళ్ళ కింద మెత్తగా ఊగుతాండాయి. నడవంగా నడవంగా, హంసలు కూర్చోనుండాయి. చిలకలుండాయి, గోపురాలుండాయి. ఒగదానికీ రవ్వంత దుమ్ము లేదు. అయ్యో తల్లీ, మిమ్మల్ని పారేసినా కదమ్మా, అని ఏడిస్తే హంస తలెత్తి ఏమనిందంటే, 'నువ్వు పారేసింది మా పేర్లని. మేం యాడికీ పోలేదు. పిలిచేటోళ్ళు లేక గమ్మున కూచుండాం. అయితే ఒగ మాట చౌడక్కా, కొత్తోడెవడన్నా వచ్చి మా చోట్లో కూచున్నాడనుకో, ఇంగ మేం లేం' అనింది. అంతలోకే దూరంగా జనం, చంకలో చాపలు పెట్టుకోని, కూర్చునేదానికి చోటు ఎతుక్కుంటా వస్తా ఉండారు. వస్తానే ఉండారు. చౌడక్క రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. ఆ నిలబడడంలోనే మెలకువొచ్చింది.

కండ్లు తెరిస్తే మొగుడు కంప్యూటర్ మీట మీద ఏలు పెట్టబోతా ఉన్నాడు. 'ముట్టద్దు!' అని అరిచిందంట చూడు, మూడిండ్లకి ఇనపడింది. 'ఏందే, పోయినాయని నువ్వే ఏడిస్తివి, తెస్తానంటే నువ్వే ఒద్దంటావా?' 'పూజలో ఉండేదాన్ని ముడతావా? ఉద్వాసన చెప్పేదాకా నా మీదొట్టు.' హంస చెప్పిందని చెప్పలేదు, చెప్తే నవ్వుతాడని. పూజ మాటకి ఏ మగ్గపోడు ఎదురు చెప్తాడు? ఓబులేసు గొణుక్కుంటా ఇంగో ఓళిగ తిన్నాడు.

ఉద్వాసన అయినాక ఆ పెట్టెని చీరలో మూట కట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకోని, ధర్మవరంలో కంప్యూటర్లు బాగు చేసే షమీమ్ అంగడికి పోయింది. షమీమ్ ఆ పసుపు కుంకమ చూసి నవ్వి, జరిగిందంతా ఇని నవ్వు ఆపేసింది. 'పోతానే ఆపేసినావు, మళ్ళా ముట్టలేదు, నీ అదృష్టం అక్కా. చెరిపితే పేరు పోతాది, సరుకు ఆడనే ఉంటాది, దాని మీద ఇంగోటి వచ్చి పడేదాకా. మీ ఆయన ఆ సాఫ్ట్‌వేరు దీంట్లోకే దించింటే నీ అంచుల మీదనే పడిండేదేమో.' చౌడక్క కలలో హంసని తలుచుకోని చేతులు జోడించింది. లోపలుండే డిస్కు ఊడబెరికి, ఇంగో కంప్యూటర్‌కి తగిలిచ్చి, పొద్దు వాలేలోపల అన్నీ పైకి తెచ్చిందంట ఆయమ్మ. హంసలొచ్చినాయి, చిలకలొచ్చినాయి. కానీ పేర్లు లేవు, ఒట్టి అంకెలు.

ఇంటికి తెచ్చి, మామ మంచం ముందర పెట్టి, కాళ్ళు పట్టుకోని చేసిన తప్పు చెప్పేసింది. ఆయప్ప కోపం చేసుకోలేదు. ఒగొగటే బొమ్మ తీస్తా, ఇది హంసలదా మామా, ఇది రుద్రాచ్చలదా మామా, అని కోడలు అడుగుతాంటే, అవునంటే ఎడమచేత్తో ఆమె ఏలు నొక్కేవాడు. అట్లా మళ్ళా అన్నిటికీ పేర్లు పెట్టినారు. ఇంగ అయిపోయినాయి అనుకుంటే, ఆఖర్న ఒగటి వచ్చింది. చీమలు. బియ్యంగింజ నోట కరుచుకోని వరసగా పోయే చీమలు. అదేమంటే, షమీమ్ తవ్వినప్పుడు ఎప్పటెప్పటివో కూడా పైకొచ్చినాయి. కొత్త కోడలుగా ఉన్నప్పుడు చౌడక్క తనంతట తాను ఆ కంప్యూటర్లో గీసుకున్న అంచు అది. 'పెండ్లిచీరకి చీమలు పట్టిస్తావా? తీసెయ్' అని ఆ మామే తీయించినాడు. చౌడక్క సిగ్గుపడి గబాల్న దాన్ని దాటెయ్యబోతే, ఆయప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇడవలేదు. శానాసేపు చూసినాడు. కండ్లెంబడి నీళ్ళు కారినాయి. మెల్లగా ఎడమచెయ్యి ఎత్తి, గాలిలో ఈపక్కనుంచి ఆపక్కకి, ఆపక్కనుంచి ఈపక్కకి నాడె ఏసినట్లు చూపించినాడు. 'చౌడీ, అది నెయ్యమంటాన్నాడే నాయన' అన్నాడు ఓబులేసు. అంచులు పోయినప్పుడు నోరు మూసుకోని ఏడ్చిన చౌడక్క, అప్పుడు గట్టిగా ఏడ్చింది.

అదప్పా సంగతి. మాట ఉన్నన్ని దినాలు కోడలి పని చూసి ఒగ మంచి మాట అనలేదు ఆయప్ప, మాట పోయినాక అన్నాడు. ఏం మనుషులో! ఇప్పుడు ఆ చీమలంచు చీరకి శానా గిరాకీ అంట. నేనూ మా కోడలికి ఒగటి తీసిచ్చినా. మడత ఇప్పి, ఒగసారి గట్టిగా దులిపి, అప్పుడు కట్టుకుంది పిచ్చిది.