ఆరు నీలం డ్రమ్ములు పగలగొట్టిన సంగతి

నా పేరు నర్సింగమ్మ. వయసు యాభై ఆరు. పత్తి చేలల్లో కూలి చేస్తాను. మాది కట్టంగూర్ మండలం. నకిరేకల్ అంగడిలో డ్రమ్ములు అమ్మే హనుమంతు నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై గారు అడిగితే చెబుతున్నాను.

డ్రమ్ములు నేనే పగలగొట్టాను. నిన్న ఉదయం పదకొండు గంటలకు, గొడ్డలితో, ఆరు. ఎవరూ ఉసిగొల్పలేదు.

మా మనవరాలికి ఏడేళ్లు, రెండో తరగతి. పేరు రాయవద్దన్నాను, కానిస్టేబుల్ రాయలేదు. పోయిన నెల ఐదో తేదీ సాయంత్రం బడి నుంచి వచ్చి, "అవ్వా, దెబ్బ తాకలే, గని రక్తం కారుతాంది" అంది. పెద్దమనిషి అయిందని నేను సంబరపడ్డాను. నా బుద్ధి మన్నుగాను! చాప వేసి కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచి పెట్టి, వాడకట్టునంతా పిలిచాను. పిల్ల బొమ్మను పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు కోడలు రమ, నేను పిల్లను నల్లగొండలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఈ వయసులో రాకూడదని, ఎత్తు పెరగడం తొందరగా ఆగిపోతుందని, నెలనెలా సూది వేయాలని చెప్పింది. వేడి కూరలు కవర్లలో తెస్తారా, నీళ్లు ఎందులో పోస్తారు అని అడిగింది. డ్రమ్ములో అన్నాను. "కొన్ని రసాయనాలు ఒంట్లో చేరి హార్మోన్లను గడబిడ చేస్తాయి. మీ పిల్లకు దానివల్లే వచ్చిందని మాత్రం చెప్పలేను. అది ఏం డ్రమ్మో చూడండి" అంది.

ఇంటికొచ్చి డ్రమ్ము మీది రంగు గీకాం. కింద కాగితం, దాని మీద ఎర్ర గుర్తు, పురుగుమందు పేరు. రమ చదివింది. మంచినూనె డ్రమ్మని చెప్పి రెండేళ్ల కింద హనుమంతే అమ్మాడు. రెండేళ్లు ఆ నీళ్లే ముంచి తాగించాను. నా చేత్తోనే.

పిల్లను ఆసుపత్రికి తిప్పడంలోనే ఇన్నాళ్లు పట్టింది. నిన్న హనుమంతు దగ్గరికి వెళ్లి, "గది మందు డ్రమ్మని నీకు ఎరుకేనా బిడ్డా?" అని మంచిగానే అడిగాను.

"కడిగే అమ్ముతం అవ్వా. అందరు తాగుతలేరా?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. పక్కన అమ్మకానికి పెట్టిన గొడ్డలి తీసుకున్నాను. మనిషిని ముట్టలేదు.

నేరమైతే ఒప్పుకుంటాను. కానీ నేను పోయేసరికే అతను ఒక డ్రమ్మును ఎవరికో అమ్మి ఆటోలో ఎక్కిస్తున్నాడు. కొన్న ఆమె చంకలో పసిపిల్ల ఉంది. "నన్ను లోపలేస్తే వేయుండ్రి సారూ, గా ఆటో ఏ ఊరికి పోయిందో ముందుగాల వాన్ని అడుగుండ్రి" అన్నాను. అది కూడా రాయమన్నాను.

రాసినది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అంతా నిజం.

నర్సింగమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర