రెండు క్యాన్ల బండి

కామారెడ్డిలో భూమేశ్ పాత బండ్ల షెడ్డు. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి పాలు పోసే బాలరాజు, అతని భార్య గంగామణి వచ్చి గంట దాటింది.

"ఇది గూడ వద్దా? ఎందుకు వద్దు?"

"రంగు మంచిగ లేదు."

"పాలు వోసే బండికి రంగెందుకే గంగామణీ? బర్రె రంగు చూసి పాలు పిండుతవా?"

"పిండుత. నల్ల బర్రె పాలు చిక్కగుంటయి."

"బాలరాజన్నా, వదినెను తొందర వెట్టకు. మొదటి బండి అంటే గట్లనే ఉంటది. వదినె, ఇటు రా, ఇది చూడు. నూటయాభై సీసీ. ఒక్క సారు చేతుల నడిచింది, ఆ సారు వాన చినుకు సుత తగలనియ్యలే."

"వద్దు భూమేశ్. నూటయాభై మగోనికే బరువు. అందుకే గద నా పాత నూటయాభై బండి నీకు ఇచ్చేసిన."

"ఇచ్చేసినవ్, మంచిదే. గని నిన్న నీ దోస్తు తెచ్చి ఇడిచిపోయిండు. నువ్వే తోలుకొస్తవనుకున్న."

"పని వడ్డది. ఆ ముచ్చట ఇప్పుడెందుకు? వంద సీసీది చూపించు. సెల్ఫ్ ఉండాలె, రెండు దిక్కుల క్యాన్లు వేలాడాలె, ఈమె కాళ్లు నేలకానాలె. గంతే."

"స్కూటీ చూస్తవా వదినె? గేరు లేదు, క్లచ్ లేదు. కూసున్నవా, పోయినవా."

"గదే మంచిగుంటది. స్కూటీ అయితే తీస్కుందాం, లేకుంటె ఇంటికి పోదాం."

"స్కూటీకి రెండు క్యాన్లు యాడ కడ్తవ్? కాలువ గట్టు మీద ఆ చిన్న చక్రాలు బురదల దిగవడితే పాలన్ని చేపలకు వొయ్యాలె. గేరు బండే కావాలె."

"చూసినవా తమ్మీ? నడిపేది నేను, తీర్పు ఈనది."

"ఇగో, ఇది చూడున్రి. వంద సీసీ, సీటు కిందికుంది, టైర్లు కొత్తయి. ఎక్కి కూసో వదినె."

"కూసున్న."

"కాళ్లు ఆనుతున్నయా?"

"ఆనుతలేవు."

"ఆనుతున్నయి గద వదినె! మడిమలు సుత ఆనినయి, నేను చూస్తనే ఉన్న."

"చెప్పులేసుకున్న గద తమ్మీ. పొలానికి నేను ఉత్త కాళ్లతోనే పోత."

"నువ్వు పోయేది పాలకు, నాట్లకు కాదు. దిగు. భూమేశ్, బండి పండవెట్టు."

"ఏందన్నా?"

"నేల మీద పండవెట్టు. కొత్తగ నడిపేటోల్లు పడుడు ఖాయం. పడ్డ బండి తానే లేపుకోవాలె. పొద్దుగాల నాలుగ్గంటలకు ఆ గట్టు మీద ఎవ్వడుంటడు లేపనీకి?"

"గీతలు వడ్తయన్నా."

"కింద గోనె సంచెయ్యి."

"సరే, పండవెట్టిన. వదినె, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక కడ్డీ మీద. నడుము మీద బరువెయ్యకు, మోకాళ్లు వంచి..."

"లేస్తలేదు."

"నువ్వు పట్టుకోనే లేదు!"

"కొన్ని పట్టుకోకముందే తెలుస్తయి."

"గంగామణీ, వడ్ల బస్త ఎత్తి ట్రాలీల ఏసేదానివి. నా ముందట నాటకాలా?"

"వడ్లు తింటం. దీన్ని తింటమా?"

"లేపు."

"...లేపిన. ఇగ సాలా?"

"అబ్బ! మగోల్లు సుత గింత జప్పున లేపరు వదినె!"

"నువ్వు నోరు మూసుకో తమ్మీ."

"భూమేశ్, వెనక ఖాళీ జాగల నడిపించు. మూడింటికి మాకు బస్సుంది."

"రా వదినె. ఎడమ చేత క్లచ్ వట్టు. గేరెయ్యి. మెల్లగ ఇడువు... మెల్లగ... ఆఁ, పోతుంది, పోతుంది! రెండో గేరెయ్యి. శభాష్. ఇగ ఆపు. వదినె, ఆపు! గోడ! గోడ వస్తుంది! ...అరె, ఆపుమంటే ఇంకో గేరేసినవేంది?"

"గేరెక్కడ ఏసిన? ఎడమ కాలుతోని క్లచ్ తొక్కిన, కుడి కాలుతోని బ్రేకు తొక్కిన. ఇంక ఎట్ల ఆపుతరు?"

"ఎడమ కాలుకు క్లచ్ యాడిది వదినె? గది గేరు... ఆగు ఆగు. నువ్వు ట్రాక్టర్ నడుపుతవా?"

"పదేండ్ల సంది నడుపుతుంది భూమేశ్. ఇనుప కేజీ వీల్స్ ఏసి బురద పొలం దున్నుతుంటె ఊర్ల మగోల్లంత గట్టు మీద నిలవడి చూస్తరు."

"గదా కథ! ట్రాక్టర్ క్లచ్ కాలు కింద ఉంటది వదినె, బండి క్లచ్ చేతుల ఉంటది. ఆపాలంటె ఎడమ కాలు కదిలియ్యకు. అది నీ కాలే కాదనుకో."

"పదేండ్లు పని చేసిన కాలును ఒక్క పూటల నాది కాదనుకోమంటవా?"

"అనుకోవాలె. ఇంకో రౌండ్."

"...ఆగిపోయింది."

"మల్లెయ్యి."

"మల్ల ఆగింది."

"ఇంకోసారి."

"మూడోసారి ఆగింది. నాకు రాదు. పా, ఇంటికి పోదాం."

"వస్తది గంగామణీ. రావాలె. ఆదివారం దాక నా దోస్తు వోస్తడు. ఆదివారం నేను విమానం ఎక్కుత, సోమవారం తెల్లారకముందె నువ్వు ఎల్లారెడ్డిల పాలు వొయ్యాలె. రెండు పూటలు తప్పితె పాలకేంద్రమోల్లు ఆ రూటు ఇంకొకనికి ఇస్తరు. పదమూడేండ్ల సంది ఇంటింటికి తిరిగి కట్టుకున్న రూటు."

"నువ్వు కట్టుకున్నవ్, నువ్వే నడుపు."

"లర్నింగ్ లైసెన్స్ సుత తీపిచ్చిన నీకు. ఇంకేం జెయ్యాలె? నేను పోయి చాయ్ తెస్త. వచ్చేవరకు బండి ఆగొద్దు."

"అన్నా, ఆటో! అన్నా, పక్కకు చూసుకో! ...ఏం మనిషివన్నా, మీది మీదికి వస్తుంటె సుత చూడవా?"

"ఈ నడుమ గట్లనే ఉంటుండు తమ్మీ. మనసంత దుబాయ్‌ల ఉంది, కామారెడ్డి ఆటోలు కండ్లకు ఆనుతయా?"

"వదినె, ఒక మాటడుగుత. కోపం చెయ్యవు గద?"

"అడుగు."

"ఆ మూడుసార్లు బండి కావాల్నని ఆపినవ్."

"బండి మంచిగ లేదు."

"బండికి ఏం గాలే. అటు దూరంల మలుపు కాడ రెండు కెల్లి మూడుకు ఏసినవ్, చప్పుడు సుత రాలే. అన్న ముందటికి రాంగనే ఠక్కున క్లచ్ ఇడిచినవ్. ఇరవయ్యేండ్ల సంది బండ్లమ్ముతున్న నేను, గా మాత్రం తెల్వదా?"

"తెలిస్తె నీ దగ్గరనే ఉంచుకో. ఆయనకు చెప్పకు."

"ఎందుకు వదినె?"

"నాకు బండి వస్తె ఆయన పోతడు."

"అంటే?"

"నాకు బండి వస్తె పాల రూటు నిలుస్తది. రూటు నిలిస్తె ఇల్లు నడుస్తది. ఇల్లు నడుస్తదని తెలిస్తె ఆయన నిమ్మలంగ దుబాయ్ పోతడు. నాకు రాదు అంటె? బర్రెలను ఇడిచి, రూటు ఇడిచి యాడికి పోతడు? ఆగుతడు."

"రెండేండ్లే గద వదినె."

"మా అన్న గంగారాం సుత రెండేండ్లే అన్నడు. షార్జ పోయి పదకొండేండ్లాయె. బిడ్డ పెండ్లి ఫోన్ల చూసిండు. మొన్న పండుగకు మా వదినె ఆ ఫోనుకే బొట్టు వెట్టింది. నవ్వకు తమ్మీ."

"నవ్వుత లేను వదినె. నేను మస్కట్ల ఎనిమిదేండ్లు చేసిన. మా ఇంట్ల సుత గదే కథ."

"అయితె ఒక్క మాట సాయం చెయ్యి. ఈ ఆడిమనిషికి బండి రాదు, ఇస్తె కాలిరుగుతది అని చెప్పు."

"నేను బండ్లమ్మేటోన్ని వదినె!"

"ఒక్క బండి అమ్మకుంటె సస్తవా?"

"సావను గని... ఇంతకు అన్నకు ఏం కంపెనీల వచ్చింది? ఏం పని?"

"చెప్తె గద. పెద్ద కంపెనీ అంటడు, గంతే. పోయిన బుధవారం మెడికల్ అని హైదరాబాద్ పోయొచ్చిండు. అప్పటి సంది మనిషే మారిండు. కోడి కూయకముందు లేచే మనిషి, ఇప్పుడు పొద్దు పొడిచినంక బండి తీస్తుండు. రెండుసార్లు పాలు విరిగినయి. పాలకేంద్రంల అందరి ముందట తిట్టిచ్చుకున్నడు. అయినా పొద్దుగాల కదలడు. ఇక్కడి పని మీద పాణమే లేదు ఆయనకు."

"వస్తుండు, వస్తుండు. అన్నా, చాయ్ సగం నేలకే వోసినవ్ గద!"

"ఉన్నకాడికి తాగు. ఏమాయె? వచ్చిందా ఈమెకు?"

"అదీ... అన్నా..."

"చెప్పు."

"వదినెకు జెర కష్టమే అన్నా. కాలిరుగుతదేమోనని నా భయం."

"కాలిరుగుతదా? గిప్పుడే గద మగోల్లకన్న నయం అంటివి!"

"అంటి గని... లేపుడు వేరు, నడుపుడు వేరు."

"గంగామణీ, నేను చాయ్ తెచ్చేలోపట ఈనికి ఏం మందు వెట్టినవే?"

"ఉన్నదే చెప్తుండు. నాకు రాదు. దుబాయ్ మానుకో, రూటు నువ్వే నడుపు."

"అయ్యేది గాదు."

"ఎందుకు గాదు?"

"మాటిచ్చిన."

"ఎవ్వనికి?"

"ఏజెంటుకు."

"నాకియ్యలేదా మాట, పెండ్లిల? సరే. ఈ తమ్ముడు మస్కట్ల చేసొచ్చిండట. ఈన ముందట చెప్పు. ఏం కంపెనీ?"

"పెద్ద కంపెనీ."

"అన్నా, కంపెనీ వీసానా, బయట పని దేవులాడుకునే వీసానా?"

"రెండూ."

"రెండూ ఎట్లుంటదన్నా?"

"నువ్వు బండ్లమ్ము భూమేశ్! వీసాలు నీకెందుకు?"

"ఆయన మీద ఎందుకు లేస్తున్నవ్? తమ్మీ, ఆ బండి తాళం చెవి ఇటియ్యి."

"వదినె, ఏం జేస్తున్నవ్? నిమ్మలంగ... నిమ్మలంగ! అన్నా, చూడు! మూడో గేరు! ఆ గుంత తప్పిచ్చింది. మలిపింది. మల్ల వస్తుంది... ఎడమ కాలు కదిలిస్తనే లేదన్నా! ఆపింది. నీ కాళ్ల ముందట, జానెడు దూరంల ఆపింది!"

"గంగామణీ, నీకు వచ్చా?"

"వచ్చింది. అద్దగంట కిందనే వచ్చింది. ఇగ నేను చెప్పేది ఇను. ఈ బండి తీస్కుంట. క్యాన్లల్ల నీళ్లు వోసి మూడు రోజులు గట్టు మీద తిప్పుత. సోమవారం కెల్లి పాలు నేనే వోస్త. చలిల లేస్త, వానల పోత, ఎవ్వడు నవ్విన నవ్వనీ. గని ఇప్పుడే, ఇక్కడనే ఏజెంటుకు ఫోన్ చేసి నేను వస్తలేను అని చెప్పు. నువ్వు ఇంట్ల ఉండి బర్రెలను చూసుకో. లేకుంటె ఈ తాళం చెవి తమ్ముని చేతుల వెట్టి నేను బస్సెక్కుత. మల్ల జన్మల బండి ముట్ట."

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం."

"ఇంట్ల నువ్వు మాట్లాడవ్. ఫోను తియ్యి."

"సిగ్నల్ లేదు."

"కామారెడ్డి నడి ఊర్ల సిగ్నల్ లేదా? ఇటియ్యి ఫోను. తమ్మీ, ఏజెంటు నంబరు దియ్యి ఇందుల."

"ఏం పేరు మీద ఉందన్నా?"

"ఫోను ఇయ్యి భూమేశ్."

"పేరు చెప్పన్నా, వదినె తోని ఒక్క మాట మాట్లాడిపిస్త."

"లేడు."

"ఎవ్వరు లేడు?"

"ఏజెంటు లేడు."

"లేడా? మరి వీసా ఎవ్వడిచ్చిండన్నా?"

"వీసా లేదు."

"ఆదివారం విమానం?"

"లేదు."

"ఏందయ్యా నువ్వనేది? మరి బుధవారం హైదరాబాద్ ఎందుకు పోయినవ్? మెడికల్ అంటివి గద?"

"దవాఖానకైతె పోయిన."

"యాడికి పోనోనివి నన్నెందుకు ఇట్ల ఉరికిస్తున్నవ్? వారం సంది నాకు తిండి లేదు, నిద్ర లేదు. నువ్వు పోతున్నవని బర్రెల దగ్గర కూసుండి ఏడ్చిన. ఎందుకు చెప్పినవ్ గంత అబద్దం?"

"దుబాయ్ పోతున్న అంటె ఊర్ల ఎవ్వడు జాలి వడడు గంగామణీ."

"జాలెందుకు వడ్తరు? ఆదివారం వస్తె ఏం చెప్పేదుంటివి?"

"ముందుగాల నీకు బండి రావాలె అనుకున్న. రాకముందె తెలిస్తె నువ్వు హ్యాండిలే వట్టవు."

"ఏం తెలిస్తె? చెప్పు. ఏం తెలిస్తె?"

"పొద్దు గూకినంక నువ్వు సుత నాకు కనవడుతలేవు."