మాయమైన రెండు గ్యాస్కెట్లు, నేను తెచ్చిన మూడోది

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు, పోలీసు స్టేషన్ ముందుగదిలో కిటికీ పక్కనున్న చెక్కబల్ల మీద కూర్చుని నేను చెప్పగా స్టేషన్ రైటరు గారు రాసుకున్నది.

నన్ను అందరూ షెడ్డమ్మ అంటారు. అసలు పేరు రైటరు గారు పై కాగితంలో ఎక్కించారు. వయసు డెబ్భై ఒకటి. డెబ్భై మూడు కూడా కావచ్చు, అబద్ధం చెప్పానని తర్వాత నా మీద పెట్టకండి. చదువు రెండో తరగతి. పని ఏమిటని అడిగారు. ఏమీ లేదన్నాను. ఏదో ఒకటి రాయాలన్నారు. ఎదురు బెంచీ మీదున్న మా అల్లుడు, "కంగారు పడడం అని రాయండి సార్, యాభై ఏళ్ల సర్వీసు" అన్నాడు. పదింటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్న మనిషి ఆ మాట అనగలిగాడు గనక నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. రైటరు గారు "ఇంటిపని" అని రాశారు.

మధ్యలో నాకేమైనా అయితే చెప్పాల్సింది ఉండిపోతుంది, అందుకని ముందే చెప్పేస్తున్నాను. షెడ్డులో పోయిన రెండు హెడ్ గ్యాస్కెట్లూ తీసింది నేను. మా అల్లుడు కాదు. అతని మీద ఏమైనా రాసి ఉంటే కొట్టేయండి. కొట్టేసినట్టు నాకు చూపించండి.

మా ఇంటి ముందు భాగమే బళ్లు బాగుచేసే షెడ్డు. మా ఆయన పెట్టినది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. మా అబ్బాయి, మా అల్లుడు పదకొండేళ్లుగా అందులో పక్కపక్కనే పనిచేస్తున్నారు. అమ్మాయీ అల్లుడూ పై గదుల్లో ఉంటారు. అబ్బాయి, కోడలు, నేను కింద.

గురువారం పొద్దున పదకొండు గంటలకు స్కూలు వ్యాను ఒకటి పొగలు కక్కుతూ వచ్చింది. అందులో ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఆ సీటు వెనకే, ఆనుకుని, మా అమ్మాయి కూతురు కూర్చుని బడికి వెళ్తుంది. మూడో తరగతి. ఇది రాసుకోండి. నేను చేసినదంతా ఆ సీటు గురించే.

విప్పి చూస్తే హెడ్డు పగిలింది. రైటరు గారు హెడ్డంటే ఏమిటన్నారు. ఇంజనులో కిందది బ్లాకు, దాని మీద మూతలాగా బిగించేది హెడ్డు. రెంటికీ మధ్య పల్చటి రేకు ఉంటుంది. అదే గ్యాస్కెట్. నిప్పు, నీళ్లు, నూనె మూడూ దాన్ని ఆనుకునే పోతాయి. ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపేది ఆ రేకే. మా ఆయన అనేవారు, గ్యాస్కెట్ ఇంటి ఆడపిల్ల లాంటిదే, అటు పుట్టింటికీ ఇటు అత్తింటికీ సరిపోవాలి, మధ్యలో నలిగేది అదే అని.

కొత్త హెడ్డు దొరకలేదు. పాత సామాన్ల యార్డు నుంచి, అదే ఇంజనుదే కానీ వేరే రకం బండిది, వాడిన హెడ్డు ఒకటి తెచ్చారు. అక్కడ మొదలైంది గొడవ. బ్లాకు మనదే, నీళ్ల దారులు బ్లాకువి, కాబట్టి బ్లాకుకి ఏది వస్తుందో అదే వెయ్యాలని మా అబ్బాయి పలచటి గ్యాస్కెట్ తెచ్చాడు. ఈ హెడ్డు ఎక్కడో అరగదీయించింది, దీని మందం తగ్గింది, కాబట్టి హెడ్డునే చూడాలని మా అల్లుడు మందపాటిది తెచ్చాడు. ఇద్దరూ చెరొక దుకాణం నుంచి తెచ్చారు. ఇద్దరూ కొలవలేదు. మళ్లీ చెప్తున్నాను, ఇద్దరిలో ఒక్కడూ కొలవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి తక్కువ పది నిమిషాలకు అబ్బాయి కిందా అల్లుడు పైనా భోజనానికి వెళ్లారు. మామూలుగా కలిసి తింటారు. షెడ్డు చూస్తుండమని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. పాత హెడ్డు, తెచ్చిన హెడ్డు పక్కపక్కన వెల్లకిలా పడి ఉన్నాయి. హెడ్డు లోపలి వైపు నాలుగు గుంటలుంటాయి, నిప్పు అంటుకునే చోట్లు. మా ఆయన వాటిల్లో నూనె పోసి ఎంత పడుతుందో కొలిచేవారు. ఆయనకి సిరంజి ఉండేది. నాకు మనవరాలి దగ్గు మందు సీసా మూత ఉంది.

వంటింట్లోంచి నూనె తెచ్చాను. పొయ్యి ఆర్పి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని వచ్చాను. నూనె ఒక పక్కకి జారుతుంటే హెడ్డు మూల కింద గుడ్డ మడిచి పెట్టాను. పాత హెడ్డు గుంటకి సరిగ్గా నాలుగు మూతలు పట్టింది. తెచ్చినదానికి మూడు పట్టి నాలుగోది సగంలోనే పొర్లింది. ఒకటి చూసి నమ్మడమేమిటని నాలుగు గుంటలూ చూశాను. అదే లెక్క. అంటే హెడ్డు అరిగిన మాట నిజం. దాని మీద పలచటి గ్యాస్కెట్ వేస్తే లోపల చోటు చాలదు, ఇంజను కొట్టుకుంటుంది, కాలుతుంది. మా అబ్బాయిది తప్పు.

అయితే అల్లుడిది ఒప్పేమోనని అతను తెచ్చిన మందపాటిదాన్ని బ్లాకు మీద పరిచి, ఒక్కొక్క కన్నంలోంచి చీపురు పుల్ల దించుతూ వచ్చాను. అన్నిట్లోనూ పుల్ల దిగింది. వెనక మూల నీళ్ల కన్నం దగ్గర రేకు అడ్డు పడింది. ఇంకో పుల్లతో చూశాను. ఏడు పుల్లలతో చూశాను. దిగలేదు. నీళ్లు తిరగని ఆ మూల కాగిపోతుంది. ఆ మూల సరిగ్గా నేను చెప్పిన సీటు కిందకి వస్తుంది. అల్లుడిదీ తప్పే.

ఇద్దరిదీ చెరి సగం ఒప్పు. అదే వచ్చిన చిక్కు. పూర్తిగా తప్పయితే ఎవరో ఒకరు దిగొచ్చేవాళ్లు.

ఇద్దరికీ చెప్పలేదా అని స్టేషన్ అధికారి గారు అడిగారు. చెప్పాను. మూడున్నరకి ఇద్దరూ వచ్చాక రెండూ తప్పేనని చెప్పాను, ఎలా కొలిచానో చెప్పనివ్వలేదు. "అమ్మా, మొన్న గ్యాసు లీకన్నావు, నిన్న గోడ బీట వారిందన్నావు. అది సాలెగూడు" అన్నాడు అబ్బాయి. "అత్తయ్యా, ఎండగా ఉంది, లోపలికెళ్లి పడుకోండి" అన్నాడు అల్లుడు. ఆ రోజు ఇద్దరూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే. నా భయాల్లో నూటికి తొంభై తొమ్మిది ఉత్తవే, ఒప్పుకుంటాను. ఇది ఆ మిగిలిన ఒకటి.

తెల్లారి తొమ్మిదింటికి హెడ్డు ఎక్కించాలని అనుకున్నారు. ఎవరు ముందొస్తే వాళ్ల గ్యాస్కెట్ బిగిస్తారని నాకు అర్థమైంది. శుక్రవారం సాయంత్రం ఆరూ నలభైకి, అబ్బాయి షట్టరు దించుతుండగా, రెండూ అట్టలతో సహా చీర కొంగు చాటున తీసుకెళ్లి నా పరుపు కింద పెట్టాను. గ్యాస్కెట్ వంగితే మళ్లీ పనికిరాదు. ఆ రాత్రి నేను పక్కకి ఒత్తిగిల్లలేదు.

శనివారం ఎనిమిదీ పదికి, మా ఆయన సామాన్లు కొనే దుకాణంలో మార్చుకు రావడానికి బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎందుకంటారు. బస్‌స్టాపు దాకా వెళ్లాక పొయ్యి ఆర్పానో లేదో గుర్తు రాలేదు. వెనక్కి వచ్చి చూశాను. ఆర్పే ఉంది. మళ్లీ వెళ్లేసరికి ఎనిమిదీ నలభై బస్సు పోయింది. ఆ బస్సు ఎక్కి ఉంటే తొమ్మిదిన్నరకల్లా తిరిగొచ్చేదాన్ని, ఇంత జరిగేది కాదు. ఆ పొయ్యి విషయం కూడా రాయండి, తప్పు నాదే.

తొమ్మిదీ పదికి ఇంకో బస్సు వచ్చింది. గ్యాస్కెట్లు గుండెకి ఆనించుకుని నిలబడ్డాను. ఒకాయన లేచి సీటిచ్చాడు, ఫోటో పటం అనుకున్నాడేమో, ఎవరు పోయారమ్మా అన్నాడు. ఇంకా ఎవరూ పోలేదు బాబూ, అందుకే వెళ్తున్నాను అన్నాను.

దుకాణంలో ముసలాయన మా ఆయనకి తెలిసినవాడు. హెడ్డు ఎంత అరగదీశారని అడిగాడు. అంకెలు నాకు రావు, నాలుగు మూతలు పట్టాల్సింది మూడున్నరే పట్టిందని చెప్పి నడుం దగ్గర ముడేసుకున్న మూత తీసి ఇచ్చాను. ఆయన నవ్వలేదు. మూత మీది గీతలు చూసి కాగితం మీద ఏదో వేసుకున్నాడు. తర్వాత వెనక మూల కన్నం సంగతి చెప్పాను. లోపలికెళ్లి అటక మీంచి ఒకటి దించాడు. నీళ్ల దారులు మా బ్లాకువే, మందం మాత్రం ఎక్కువ. అరిగిన హెడ్ల కోసమే చేస్తారట. చీపురు పుల్ల అడిగి, మా అబ్బాయి తెచ్చిన పలచటిదాని మీద పెట్టి చూసుకున్నాను. అన్ని కన్నాల్లోనూ దిగింది. "కొలిచి వచ్చినవాళ్లు ఈ మధ్య మీరొక్కరేనమ్మా" అన్నాడు. రెండూ తీసుకుని ఇది ఇచ్చాడు. ఇది దొంగసొత్తు మార్పిడి కిందికి వస్తుందేమో నాకు తెలియదు. వస్తే ఆయన్ని ఇందులోకి లాగకండి.

ఇక్కడ షెడ్డులో తొమ్మిదింటికి ఏం జరిగిందో నేను చూడలేదు, కోడలు చెప్పింది. రెండు గ్యాస్కెట్లూ లేవు. దుమ్ము పడకుండా నేను కప్పిన గోనెపట్టా తీస్తే, తెచ్చిన హెడ్డు నిండా నూనె. నేల మీద ఏడు చీపురు పుల్లలు. మూత లేని మందు సీసా. మా అబ్బాయి, ఇది బావ పనే, నా మాట నెగ్గకూడదని హెడ్డు పాడు చేసి, అనుమానం రాకుండా తనది కూడా తనే దాచాడని కేకలేశాడట. కోపంలో ఇక్కడికొచ్చి ఫిర్యాదు రాయించాడు. మీ కానిస్టేబుల్ వచ్చి ఆ ఏడు పుల్లలూ కాగితంలో పొట్లం కట్టుకుని, మా అల్లుణ్ణి తీసుకెళ్లాడు. వీధి వీధంతా చూసింది.

తిరుగు బస్సు కూడా తప్పిపోయింది, తర్వాతది పన్నెండూ ఇరవైకి గానీ రాలేదు. నేను పన్నెండూ నలభైకి ఇంటికొచ్చి, సంగతి విని, గుమ్మంలోంచే ఇటు వచ్చేశాను. మా అమ్మాయి మీ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి రావే అన్నాను. "వచ్చి ఎవరి పక్కన కూర్చోనమ్మా" అంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నేనొచ్చేసరికి మా అల్లుడు అధికారి గారితో అంటున్నాడు. "దొంగనని రాయించుకున్నాక ఆ షెడ్డులో ఇక స్పానరు ముట్టనండి. మధ్యలో గోడ కట్టించుకోమనండి. అటు వాళ్లు, ఇటు మేము." మా అబ్బాయి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ బీట వారిందని నేను ఎన్నిసార్లు భయపడ్డానో లెక్కలేదు, లేని గోడ గురించి భయపడడం ఇదే మొదలు.

ఇదంతా నేను చెప్తుంటే ఇద్దరూ విన్నారు. నాలుగు మూతల సంగతి దగ్గర మా అబ్బాయి కిటికీ వదిలి ఇటు తిరిగాడు. వెనక మూల కన్నం సంగతి దగ్గర మా అల్లుడు తల దించుకున్నాడు. మా అబ్బాయి, "హెడ్డు అరిగిందని నువ్వు అన్నావు బావా" అన్నాడు. మా అల్లుడు, "నీళ్ల దారి చూడమని నువ్వూ అన్నావుగా" అన్నాడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటానని మా అబ్బాయి అధికారి గారితో మెల్లగా అన్నాడు. అతను మెల్లగా అన్నాడు గనక నేను గట్టిగా చెప్తున్నాను, రాసుకోండి.

మూడో గ్యాస్కెట్ చూపించమని అధికారి గారు అడుగుతున్నారు. రైటరు గారు కూడా నన్ను మూడుసార్లు లేచి ఆయన బల్ల దగ్గరికి రమ్మన్నారు. నేను లేవకపోవడం పొగరు కాదు, మోకాళ్ల నొప్పీ కాదు. గ్యాస్కెట్ నా కింద ఉంది. రెండు అట్టల మధ్య, చదునైన బల్ల మీద పెట్టి పైన కూర్చున్నాను. స్టేషన్లో ఎవరెవరో తిరుగుతుంటారు, ఎవరైనా తొక్కితే వంగిపోతుంది.

వాళ్లిద్దరూ వచ్చి చెరో అంచూ పట్టుకుంటేనే లేస్తాను. నువ్వొక్కదానివే తెచ్చావు కదా, ఇద్దరెందుకని అధికారి గారు అడిగారు. ఒంటరిగా మోయడం నాకు అలవాటేనండి, వాళ్లకి కాకూడదు. పైగా హెడ్డు ఎలాగూ ఒక్కడు ఎత్తేది కాదు. ఎక్కించే ముందు ఆ నూనె శుభ్రంగా తుడవమనండి. బోల్టులు మధ్య నుంచి బయటికి, వరస తప్పకుండా బిగించమనండి. మూత కడిగి సీసాకి పెట్టాలి, పిల్లకి రాత్రి మందుంది. ఆ ఏడు పుల్లలు మీరే ఉంచుకోండి.

పైన రాసినది నా నోటి మాటే. ఎవరూ బెదిరించలేదు, నేనే నాకు నేను భయపడ్డాను. చదివి వినిపించారు. "దొంగిలించితిని" అని ఉన్నచోట కొట్టించి "తీసి దాచితిని" అని పెట్టించాను. అల్లుడి మీద రాసినది కొట్టేసినట్టు చూపించారు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంది. పొయ్యి ఆర్పే వచ్చానని అనుకుంటున్నాను.

షెడ్డమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
(ఇంకు పెట్టె బల్ల దగ్గరికి తీసుకెళ్లి, కూర్చున్న చోటే వేయించుకోవడమైనది.)

సాక్షులు: 1. కొడుకు 2. అల్లుడు.
(ఇద్దరి చేతులూ ఖాళీగా లేనందున సంతకాలు తీసుకోలేదు. తలుపు పట్టుకున్నది: కూతురు.)